మైకక్క ఎడమ చెవి

భుజం మీద వేలితో తట్టినప్పుడల్లా బటన్ నొక్కాలి. ఆ సీసాల ఫ్యాక్టరీలో చెవి పరీక్ష అంటే ఇంతే.

ఏడాదికోసారి ఒక తెల్ల వ్యాను వచ్చి గేటు పక్కన ఆగుతుంది. లోపల అగ్గిపెట్టెంత గది, అందులో ఒక స్టూలు, చెవులకు హెడ్‌ఫోన్లు, చేతికి వైరుతో వేలాడే బటన్. కూత వినిపించినప్పుడు నొక్కమని వ్యానులో వచ్చిన అమ్మాయి చెప్పి, అవతల తన యంత్రం ముందు కూర్చుంటుంది. ఒక్కో ఏడాది ఒక్కో అమ్మాయి. కానీ స్టూలు వెనక నిలబడే సూపర్‌వైజరు మాత్రం ఎప్పుడూ ఒకడే. యంత్రం మీద చిన్న లైటు వెలగ్గానే భుజం తడతాడు. మనిషి నొక్కుతుంది. నాలుగు నిమిషాల్లో 'సాధారణం' అని ముద్ర పడుతుంది. సంతకం చేసి బయటికి రావాలి. కాగితం మాత్రం చేతికివ్వరు.

మైకక్క తొమ్మిదేళ్ళు తొమ్మిదిసార్లు నొక్కింది. మొదటి రెండేళ్ళూ కూత నిజంగానే వినిపించేది, వేలు పడకముందే నొక్కేది. మూడో ఏటి నుంచి ఎడమవైపు కూతలు పలచబడ్డాయి. ఆరో ఏటికి ఆ చెవికి సంబంధించినంతవరకూ వేలు తప్ప ఇంకేమీ లేదు. అయినా నొక్కింది. ఎందుకు నొక్కావమ్మా అని ఆమెను తప్పుపట్టే ముందు, ఒక్క నెల జీతం ఆగితే మన ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరికి వారు తలుచుకోవాలి.

ఆమె పని చూడటం. కొలిమిలోంచి వచ్చి చల్లారిన సీసాలు బెల్టు మీద వరసగా వస్తాయి. వెనక తెల్లటి లైటు పలక. దాని ముందు నుంచి నిమిషానికి నూట ఎనభై సీసాలు పోతాయి. మెడ దగ్గర వెంట్రుకంత పగులు, అడుగున బుడగ, పక్కన మచ్చ కనబడితే తీసి తొట్టిలో వెయ్యాలి. సీసాకు సీసా కొట్టుకునే చప్పుడు, పైపుల్లోంచి గాలి కొట్టే చప్పుడు, వెనక కంప్రెసర్ల చప్పుడు, అన్నీ కలిసి మాటకు చోటుండదు. అక్కడ అందరూ వేళ్ళతో మాట్లాడుకుంటారు. చెవుల్లో పెట్టుకునే పచ్చటి స్పాంజి ముక్కలు తనిఖీకి ఎవరైనా పైవాళ్ళు వచ్చిన రోజునే పంచుతారు. సాయంత్రానికి మళ్ళీ వెనక్కి తీసుకుంటారు.

పని దిగాక కూడా ఆమె కళ్ళు కుడి నుంచి ఎడమకు పరుగెడుతూనే ఉండేవి. ఇంట్లో గోడ జరుగుతున్నట్టుండేది. గోడ ఆగినా చెవిలో మోత ఆగేది కాదు, గుయ్‌మంటూ ఒకటే రొద. సద్దుమణిగితే ఆ రొద పెరుగుతుంది కాబట్టి ఆమె సద్దుమణగనిచ్చేది కాదు. కాలుగాలిన పిల్లిలా రెండు గదుల్లోనూ తిరిగేది, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది, రేడియో పెట్టేది. మాట్లాడితే కింద సైకిళ్ళ షాపువాడు తల పైకెత్తేవాడు. వీధంతా ఆమెకు మైకు అని పేరు పెట్టింది. ఫ్యాక్టరీలో చిన్నవాళ్ళు కాస్త మర్యాద కలిపి మైకక్క అన్నారు.

"ఏమే, నేను నీ పక్కనే ఉన్నాను. పక్క వీధికి చెబుతున్నావా?" అనేవాడు భర్త. సిటీ బస్సు డ్రైవరు.

"నేను మామూలుగానే మాట్లాడుతున్నా!"

"అవునవును. నువ్విక్కడ మామూలుగా మాట్లాడితే అక్కడ డిపోలో బస్సులు బయల్దేరిపోతున్నాయి."

అతని చెల్లెలు కిటికీ దగ్గర కుట్టుమిషను ముందు కూర్చుని ముసిముసిగా నవ్వేది. పెళ్ళి వద్దని, సొంతంగా బట్టలు కుట్టుకుంటూ అన్న ఇంట్లోనే ఉంటున్న మనిషి. వదిన గొంతు మీద జోకులన్నీ ఆమే కనిపెట్టేది.

ఆ గొంతే ఒకరోజు ఒక ప్రాణం నిలబెట్టింది. కరెంటు బాబాయ్ నిచ్చెనెక్కి దీపం మారుస్తున్నాడు. ఫ్యాక్టరీలో తీగ పని మొత్తం ఆయనదే, ఇంకో నాలుగేళ్ళలో రిటైరు. సీసాల పెట్టెలు మోసే ఫోర్క్‌లిఫ్టు ఆ నిచ్చెన మీదకే వెనక్కి వస్తోంది. నడిపే కుర్రాడు చూడలేదు. అంత మోతలో కేక వేసి లాభం లేదని ఎవరూ వెయ్యలేదు. మైకక్క వేసింది. కంప్రెసర్లూ సీసాలూ గాలీ అన్నిటినీ చీల్చుకుని వెళ్ళిందా కేక. ఫోర్క్‌లిఫ్టు నిచ్చెనకు జానెడు దూరంలో ఆగింది.

బాబాయ్ కిందికి దిగి, ఆమె కుడిపక్కకు వచ్చి అడిగాడు. "అమ్మాయ్, నువ్వు పాడతావా?"

"నాకు పాడటం రాదు బాబాయ్!"

"అందుకే అడిగాను."

కరెంటు బాబాయ్ వయసులో ఉండగా తన చేతులతో తనే ఒక ఎలక్ట్రిక్ గిటారు చేసుకున్నాడు. పంక్ అని ఒక రకం పాటలుంటాయని, మూడే మూడు స్వరాల కట్టలు, రెండు నిమిషాల్లో ఖతమని ఆయన చెప్పాడు. "వాయించడం రాకపోయినా పర్లేదు. కోపం రావాలి. అది నీకు దండిగా ఉంది. దాచుకున్నావంతే." ఫోర్క్‌లిఫ్టు కుర్రాడు చేసిన తప్పుకు ప్రాయశ్చిత్తంగా డ్రమ్ములు తనే వాయిస్తానన్నాడు. వాటిని కొన్నదీ మోసిందీ కూడా అతనే. "అక్కా, నన్నింకా తిడుతున్నావా?" అని వారానికోసారి అడిగేవాడు. "డ్రమ్ము సరిగ్గా కొట్టు, మానేస్తా" అనేది.

కింది స్వరాలు వాయించే బాస్ గిటారుకు మనిషి దొరకలేదు. ఆడపడుచు మిషను ఆపి, "నాలుగు తీగలేగా? పొద్దున్నుంచీ నేను చేసేది దారాలతోనే. ఇటివ్వండి," అంది.

"నీకెందుకే పిల్లా ఈ గోల?" అంది మైకక్క.

"నిన్ను ఒంటరిగా పంపిస్తే మా అన్నయ్య ఊరుకుంటాడేమో. నేను ఊరుకోను వదినా. ఇంట్లో ఉచితంగా వింటున్నాను, అక్కడ వాయిస్తూ వింటాను."

మూతపడ్డ టైర్ల షాపులో ఆదివారం పొద్దున షట్టరు సగం దించుకుని మొదలుపెట్టారు. ఎదురుగా మంగలి షాపాయన రెండోవారమే వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "మీరు మొదలెడితే నా కత్తెర వణుకుతోందమ్మా. ఒకాయన మీసం ఒకవైపే మిగిలింది." అలా తిట్టిపోయినవాడు నాలుగోవారం కుర్చీ తెచ్చుకుని షట్టరు పక్కన కూర్చున్నాడు. ఆ రెండు గంటల్లో మైకక్కకు చెవిలో మోత తెలిసేది కాదు. వారం మొత్తంలో ఆమె కాలు ఒక చోట నిలిచేది ఆ రెండు గంటలే. మొదటి పాట ఆమె పనే:

నూట ఎనభై! నూట ఎనభై!
నిమిషానికి నూట ఎనభై!
రెప్ప వేస్తే ఒకటి పోయె,
రెప్ప వేసే టైము లేదోయ్!

మొదటి సభ డిపో వెనక హాల్లో, మధ్యాహ్నం మూడింటికి. డ్రైవర్ల సంఘం వార్షిక సభ అది. రావాల్సిన పాటల బృందం రాకపోతే, భర్త తల గోక్కుంటూ, "మా ఇంట్లో ఒకటుంది, మీ ఇష్టం, తర్వాత నన్ననొద్దు," అని చెప్పాడట. సీసాల ఫ్యాక్టరీ నుంచి నలభైమంది దాకా తోడొచ్చారు. పేరేమిటని అడిగితే నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పేరు పెట్టుకోవాలన్న సంగతే ఎవరికీ తట్టలేదు.

రెండో పాట మధ్యలో, వేదిక ముందే, టీ గ్లాసుల పళ్ళెం ఒకరి చేతిలోంచి జారింది. ఇరవై గ్లాసులు భళ్ళుమన్నాయి.

సీసాల ఫ్యాక్టరీలో ఒక కట్టుబాటుంది. బెల్టు మీద సీసా పగిలిందంటే అందరూ చేతులు పైకెత్తి ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. ముక్కలు ఊడ్చేదాకా ఎవరూ దేన్నీ ముట్టుకోరు. పెంకు ఏ సీసాలో పడిందో తెలియదు, ఎవరి నోట్లోకి పోతుందో తెలియదు. ఏళ్ళ తరబడి ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. డ్రమ్ముల దగ్గర కుర్రాడు రెండు పుల్లలూ పైకెత్తి స్టూలు మీంచి లేచి వెనక్కి జరిగాడు. బాబాయ్ గిటారు వదిలేసి చేతులెత్తాడు. పళ్ళెం జారడం కళ్ళతో చూసిన మైకక్క మైకు ముందు నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది. హాల్లోని నలభైమంది కూడా ఠక్కున అదే పని చేశారు. వేదిక మీదా కిందా చేతులెత్తి నిలబడ్డ జనం. డ్రైవర్లకు ఏమీ అర్థం కాలేదు, నోళ్ళు తెరుచుకుని చూశారు.

ఒక్క ఆడపడుచు మాత్రం ఆపలేదు. ఆమె ఫ్యాక్టరీ మనిషి కాదు. వీళ్ళెందుకు ఆగారో తెలియక, తనే ఏదో తప్పు చేశాననుకుని, తల వంచుకుని ఆ నాలుగు స్వరాలే డుబ్ డుబ్‌మని వాయిస్తూ పోయింది. హాలంతటా ఆ ఒక్క చప్పుడే.

మైకక్కకు అది వినపడలేదు. ఆడపడుచు నిలబడ్డది ఆమె ఎడమవైపు, కుడి చెవి ఇంకా డ్రమ్ముల మోతకు దిమ్మెక్కి ఉంది. లోకం మొత్తం ఆగిపోయిందనుకుంది. మిగిలింది చెవిలో రొద ఒక్కటే. చీపురు పట్టుకుని ఎవరో పెంకులు ఊడుస్తుండగా ఆమె మైకు దగ్గరికి వచ్చి, పాడకుండా, తన మామూలు గొంతుతో అంది. "అందరూ ఆపేశారు. నా చెవిలో మాత్రం ఆగలేదు. ఏళ్ళుగా ఇది ఆగలేదు."

ఊడ్చడం అయిపోయింది. కుర్రాడు పుల్లలు దించాడు. పాట మళ్ళీ ఎత్తుకునేసరికి చప్పట్లకు హాలు కప్పు లేచిపోయింది.

ఎవరో ఫోనులో తీసిన ఆ మూడు నిమిషాలూ సాయంత్రానికి ఎక్కడెక్కడికో పాకాయి. వాళ్ళకు పేరు పెట్టింది కూడా జనమే: సీసాపెంకులు. ఆ తర్వాత రెండు నెలల్లో ఆరు చోట్లకు పిలిచారు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికేవాళ్ళు పిలిచారు, అచ్చు యంత్రాల దగ్గర పనిచేసేవాళ్ళు పిలిచారు, ఒక కాలేజీ పిల్లలు గోడ నిండా పేరు రాసి మరీ పిలిచారు. ఎక్కడికి వెళ్ళినా పాట మధ్యలో చేతులెత్తి ఆగాలి. అది లేకపోతే జనం వదిలేవారు కాదు.

ఇంట్లో మాత్రం మొదటి సభ మర్నాడే తేలాల్సింది తేలింది. ఆడపడుచు గుండీ కుడుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"వదినా, నిన్న అందరూ ఆపేశారు అన్నావు. నేను ఆపలేదుగా."

మైకక్క గిన్నె తోముతోంది. పలకలేదు. ఆడపడుచు లేచి ఆమె కుడివైపుకు వచ్చి అదే మాట మళ్ళీ అంది.

"నీకు ఎడమ చెవి వినపడదు కదూ?"

"కొంచెం తక్కువ."

"ఎంత కొంచెం? పక్కింటివాళ్ళ గోడ దూకేంత చప్పుడు చేశాను నేను."

గిన్నె పక్కన పెట్టి, మైకక్క మొదటిసారి సంగతంతా చెప్పింది. వ్యాను, స్టూలు, వేలు, ముద్ర. ఆడపడుచు వింటూ కూర్చుండిపోయింది. ఆ రోజు ఇంక జోకు వెయ్యలేదు. "కొలతలు తియ్యకుండానే జాకెట్టు సరిపోయిందని రాసిచ్చినట్టుంది," అంది. "ఇన్నేళ్ళూ మేం నీ గొంతు చూసి నవ్వాం వదినా. నవ్వినందుకు నన్ను కొట్టు."

"చేతికి సబ్బుంది. తర్వాత కొడతా."

ఆ రెండు నెలల సభలూ అయ్యేసరికి, వ్యాను మళ్ళీ రావడానికి ఇంకో నెలే ఉంది. అప్పటినుంచి మైకక్కకు కుదురన్నది లేదు. కరెంటు బాబాయ్ చెప్పింది తల్లో తిరుగుతూనే ఉంది. "ఈసారి కూడా నొక్కితే వాళ్ళ దగ్గర పది కాగితాలుంటాయి, పదింటి మీదా నీ సంతకం. రేపు రెండో చెవి కూడా పోతే నీ దగ్గర ఏముంటుంది? నీ నోటి మాట." ఆయన ఇంకో పని కూడా చేశాడు. స్పాంజి ముక్కల డబ్బా తెచ్చి, వాయించేటప్పుడు నలుగురూ పెట్టుకోవాల్సిందేనన్నాడు. సభ ఎక్కడ జరిగినా గుమ్మం దగ్గర వచ్చినవాళ్ళకూ పంచాలన్నాడు. మైకక్క ఒప్పుకోలేదు.

"అవి పెట్టుకుంటే నాకు ఆ రొద ఒక్కటే మిగులుతుంది బాబాయ్. వారానికి రెండు గంటలైనా దాన్నుంచి పారిపోనీ."

"పారిపోయి ఎక్కడికెళ్తావమ్మా? ఆ రెండు గంటలూ నీ కుడి చెవిని మేం తింటున్నాం."

ఆ మాటకు ఆమెకు చాలా కోపమొచ్చింది. మూడు రోజులు ఆయనతో వేళ్ళతో కూడా మాట్లాడలేదు. నాలుగోరోజు వచ్చి అరచెయ్యి చాపి రెండు ముక్కలు తీసుకుంది.

భర్త ఇంకోరకంగా భయపడ్డాడు. "పాడుకో, నేను కాదన్నానా? హాలు ఇప్పించింది నేనే. కానీ ఆ బటన్ సంగతి ఆలోచించు. పనికిరావని రాసేస్తే? నా ఒక్కడి జీతంతో ముగ్గురం ఎట్లా?" సూపర్‌వైజరు కూడా బెల్టు దగ్గరికి వచ్చి, ఆమె కుడి చెవి దగ్గర నోరు పెట్టి మరీ చెప్పాడు. "వీడియో చూశాను. బాగా పాడావు. వినపడని మనిషిని లైను మీద ఉంచకూడదని రూలుంది, తెలుసా? నీ మంచికే తడుతున్నా నేను." ఏ చెవి దగ్గర చెబితే ఆమెకు వినపడుతుందో అతనికి బాగానే తెలుసు.

వ్యాను వచ్చిన రోజు నలభై రెండుమంది వరసలో ఉన్నారు. ముందు నిలబడ్డ ఆరుగురూ వెళ్ళారు, నాలుగేసి నిమిషాల్లో బయటికొచ్చారు. ఏడో మనిషి మైకక్క. లోపల ఉక్కగా ఉందని వ్యాను తలుపు తెరిచే ఉంచారు. స్టూలెక్కింది. బటన్ చేతిలో చెమటకు జారుతోంది. కుడి చెవిలో కూత వచ్చింది. నొక్కింది. ఇంకోటి వచ్చింది, నొక్కింది. తర్వాత ఏమీ రాలేదు. భుజం మీద వేలు పడింది.

నొక్కలేదు.

వేలు మళ్ళీ పడింది, ఈసారి గట్టిగా. ఆమె కాళ్ళు స్టూలు కింద వాటంతట అవే ఆడుతున్నాయి. ఇంటద్దె గుర్తొచ్చింది, భర్త మొహం గుర్తొచ్చింది. ఒక్కసారి నొక్కేస్తే నాలుగు నిమిషాల్లో బయటపడొచ్చు. మూడోసారి వేలు కాదు, పిడికిలి తగిలింది. ఆమె హెడ్‌ఫోన్లు తీసేసింది.

"సార్, మీరు తడుతున్నారు. నాకు మాత్రం ఏమీ వినపడట్లేదు!"

తన లెక్కలో మెల్లగానే అంది. కానీ తలుపు తెరిచి ఉంది, గొంతు ఆమెది. వరసలో చివరి మనిషి దాకా వెళ్ళింది. సైకిల్ స్టాండు కాపలా ఆయన కూడా లేచి నిలబడ్డాడని తర్వాత చెప్పుకున్నారు.

"ఏం మాట్లాడుతున్నావ్? కూర్చో, పెట్టుకో," అన్నాడు సూపర్‌వైజరు.

"పెట్టుకుంటా. మీరు బయటికెళ్ళండి. పరీక్ష నా చెవికి, నా భుజానికి కాదు."

వ్యాను అమ్మాయి అంతసేపూ యంత్రం వైపే చూస్తోంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఆమె ఉద్యోగం కూడా ఎవరి చేతిలోనో ఉంది. అయినా ఇటు తిరిగి, "సార్, మీరుంటే రీడింగు తప్పొస్తుంది. దయచేసి దిగండి," అంది. అతను దిగాడు. తలుపు మూశారు. మొదటిసారి మైకక్కకు నిజమైన పరీక్ష జరిగింది. గీతలున్న కాగితం యంత్రంలోంచి వచ్చింది. కుడి చెవి గీత కొద్దిగా కిందికి వాలింది. ఎడమ చెవి గీత మెట్లమీంచి జారిపడ్డట్టు కిందికి పోయింది.

"దీని నకలు నాకు కావాలి."

"ఇవ్వొద్దన్నారండీ."

"నువ్వివ్వకు. బల్ల మీద పెట్టు, నేను ఫోటో తీసుకుంటా."

ఆ అమ్మాయి కాగితాన్ని బల్ల మీద సరిచేసి పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

సూపర్‌వైజరు మళ్ళీ వచ్చి స్టూలు వెనక నిలబడ్డాడు. అయినా తర్వాత వెళ్ళిన ముప్ఫై అయిదుమందిలో ముప్ఫై ఒక్కరు వినిపించినప్పుడే నొక్కారు. ఫోర్క్‌లిఫ్టు కుర్రాడు అందులో ఒకడు. ఇరవై ఆరేళ్ళవాడికి రెండు చెవుల గీతలూ అప్పుడే వంగడం మొదలయ్యాయి. ఆ ముప్ఫై ఒక్కరూ ఫోటోలు తీసుకున్నారు. నలుగురు భయపడి వేలికే నొక్కారు. వాళ్ళను ఎవరూ ఒక్క మాట అనకూడదని మైకక్క గట్టిగా చెప్పింది. ఏళ్ళ తరబడి తను చేసింది అదే కదా.

మూడోరోజు ఆమెను లైను మీంచి తీసేశారు. వారానికి, పరీక్షలో క్రమశిక్షణ తప్పిందన్న సాకుతో సస్పెండ్ చేశారు. పోయిన చెవి తిరిగి రాదు. ఇంట్లో ఇప్పుడు భర్త అదనపు ట్రిప్పులు వేస్తున్నాడు, ఆడపడుచు మిషను ఆపడంలేదు. మైకక్క ఒక చోట కూర్చోవడంలేదు. తేడా ఏమిటంటే ఇప్పుడు గదిలో గుండ్రంగా కాక, ఫ్యాక్టరీ నుంచి ఫ్యాక్టరీకి తిరుగుతోంది. అచ్చు యంత్రాల దగ్గర, మరమగ్గాల దగ్గర, రాళ్ళ క్రషర్ల దగ్గర, బాబాయ్‌కీ కుర్రాడికీ షిఫ్టు లేని రోజు చూసుకుని మధ్యాహ్నం తిండి వేళకు సీసాపెంకులు మూడు పాటలు పాడతారు. పాటకు ముందు స్పాంజి ముక్కలు పంచుతారు, పాట తర్వాత మీకు పరీక్ష ఎలా చేస్తారని అడుగుతారు. భుజం తట్టే వేళ్ళు చాలా చోట్లే ఉన్నాయని తెలుస్తోంది.

వచ్చే సోమవారం పొద్దున పదింటికి కార్మిక అధికారి ముందు ఆమె కేసు విచారణ. ముప్ఫై ఒక్కమంది సాక్ష్యం చెప్పడానికి ఆ రోజు జీతం వదులుకుని వస్తున్నారు. ఆ గదిలో పన్నెండు కుర్చీలే ఉంటాయి. మిగతావాళ్ళు వరండాలో నిలబడతారు. వాళ్ళతోపాటు మీరూ వచ్చి నిలబడండి. రాలేని దూరంలో ఉంటే, మీరు పనిచేసే చోట ఇంతవరకూ మీకు చేసిన పరీక్షల కాగితాలు ఈ వారంలోనే రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే, ఇవ్వలేదన్న సంగతినే రాసి తేదీ వెయ్యండి. ఒక్కరే అడగొద్దు, పక్కన పనిచేసే ఇద్దరిని కలుపుకుని అడగండి.